తార్నాకలో నెమలి దొరకలేదు

తార్నాక,
ఫిబ్రవరి, 1969

ప్రియమైన బాలకు,

కాలేజీలు మూసి నెల కావస్తోంది. పాఠం చెప్పడానికి పిల్లలు లేరు గనుక యూనివర్సిటీ లైబ్రరీలో పాత పత్రికల అరల దగ్గర కూర్చుంటున్నాను. ఇవాళ్టి పత్రిక విప్పాలంటే భయమేసినప్పుడు ముప్పై ఏళ్ల కిందటిది విప్పుకోవడం చరిత్ర లెక్చరర్లకున్న సదుపాయం. నిన్న నీకోసం ఒకటి దొరికింది.

"అలిగిన ఏనుగు: పుత్లీబౌలీలో రాకపోకలకు అంతరాయం."

ఇక మన పద్ధతిలో దానికి నేనల్లిన పర్యవసానం. ఏనుగు వెనకాల ఒక పెళ్లి ఊరేగింపు ఆగింది. ఆగిన పెళ్లికొడుక్కి ఆలోచించుకునే తీరిక చిక్కింది. గుర్రం దిగి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పెళ్లికూతురు మరి పీటల జోలికి పోక, శ్యామలాంబ అన్న పేరుతో మన హాస్టల్ వార్డెనై, మన ఉత్తరాలన్నీ కత్తెరతో విప్పి చదివింది.

ఆవిడ చదువుతుందనే కదా మనం ఈ ఆట మొదలుపెట్టింది. మీ నాన్నగారికి జబ్బు చేసిన సంగతి నువ్వు ఊరినుంచి "గోల్కొండ గోడకు బీటలు" అని రాశావు. నేను ఏడ్చాను. ఆవిడ మాత్రం "చరిత్రంటే ఈ పిల్లకెంత శ్రద్ధ" అంది.

మీ అబ్బాయి వెంకటేశం ఆదివారం భోజనానికి వస్తూనే ఉన్నాడు. పొద్దున యూనివర్సిటీ గేటు దగ్గర ప్రత్యేక తెలంగాణ నినాదాలు, మధ్యాహ్నం మా ఇంట్లో పప్పన్నం. "పెద్దమ్మా, మా కొట్లాట నీతోని కాదు, నీ పప్పుల కారంతోని" అంటాడు. మావారు ఉమాపతిగారు నవ్వలేదు. గుంటూరుకి బదిలీ అడుగుతూ అర్జీ పెట్టుకున్నారు. "వెళ్లిపొమ్మంటున్న చోట ఎన్నాళ్లుంటాం?" అంటారు. నేను పుట్టింది అక్కడ, చదివింది ఇక్కడ. వెళ్లడం, తిరిగి వెళ్లడం, ఈ రెండింటిలో నాది ఏదవుతుందో తెలియడం లేదు.

నీ,
అరుంధతి

*

జనగామ,
జూన్, 1969

ప్రియమైన అరుంధతికి,

వెంకటేశం దగ్గర్నుంచి మూడు వారాలుగా జాబు లేదు. ఇక్కడికి ఠాణా నుంచి మనిషి వచ్చి వాడి పేరు, ఎత్తు, నుదుటి మీది మచ్చ కూడ అడిగి రాసుకొని పోయిండు. మచ్చ వాళ్లకెట్ల తెలిసిందో.

మా ఆయన సమ్మయ్య పట్నం పోయొచ్చిండు. హాస్టలుకు తాళం. దవాఖానాలన్నీ తిరిగిండు. మీ ఇంటి సందు దాకా వచ్చి వెనక్కి మళ్లిండట. "గీ రోజులల్ల ఆంధ్రోళ్ల ఇంటికి పోయి ఏమని అడుగుతనే? వాళ్లేమనుకుంటరో" అన్నడు. నేను కోప్పడలేకపోయిన.

వాడు బతికున్నడా? అదొక్కటి చెప్పు. ఇంటికొచ్చే జాబులు ఠాణావాళ్లే పట్టుకపోతున్నరు, బడికే రాయి. మా హెడ్మాస్టరు పేరయ్యగారు రోజులు బాగలేవని ఉత్తరాలన్నీ విప్పి చూసి గాని ఇస్తలేడు. ఆయన తమ్ముడు ఠాణాలో జమేదారు. అయినా సరే రాయి.

బాలలక్ష్మి

*

తార్నాక,
జూన్, 1969

ప్రియమైన బాలకు,

నీ జాబు అందింది. మళ్లీ పాత పత్రికల్లో పడ్డాను. ఈసారి దొరికింది విను.

"జంతుశాల గోడ దూకిన నెమలి: తార్నాకలో ఎంత వెదికినా దొరకలేదు."

పర్యవసానం: గోడ దూకడంలో నెమలి కాలు బెణికింది. కుంటుకుంటూ ఒక ఇంటి పెరటి తలుపు తట్టింది. ఆ ఇంటి యజమానికి నెమళ్లంటే గిట్టదు. అయినా తన కండువా చించి కట్టు కట్టాడు. ఇప్పుడది బియ్యం బస్తాల గదిలో ఉంటోంది. కూరలో కారం ఎక్కువైందని రోజూ పేచీ. సాయంత్రాలు యజమానితో చదరంగం ఆడుతుంది, ఓడితే బంట్లు దాచేస్తుంది. వాపు తగ్గాక తన అడవికి తానే వెళ్తుందట.

ఇంతకంటే రాయడానికి ఇక్కడ విశేషాలేమీ లేవు. నిద్రపో బాలా, అన్నం తిను.

నీ,
అరుంధతి

*

జనగామ,
జూన్, 1969

శ్రీమతి అరుంధతి గారికి,

నమస్కారం. కన్నకొడుకు బతికున్నడా అని అడిగితే మీరు నెమలి కథ రాసి పంపినరు. పేరయ్యగారు దాన్ని స్టాఫ్ రూములో పైకి చదివి వినిపించి, "మీ దోస్తు మంచి హుషారుమనిషే టీచరమ్మా, మన పిల్లలు చస్తుంటె ఆమెకు ఆటలు తోస్తున్నయి" అన్నడు. అందరు నా మొఖం చూసినరు.

ఇరవయ్యైదేండ్ల దోస్తాన్ మీది నమ్మకంతోటి, పత్రికల వాళ్లు రాసిందే నిజమని నేను అనుకోలేదు ఇన్నాళ్లు. మీ వాళ్లకు మా దుఃఖం నవ్వులాటనే అని రోజూ రాస్తుంటె కాదని వాదించేదాన్ని. ఇక వాదించను.

మీరు గుంటూరు క్షేమంగా చేరాలని కోరుకుంటున్న.

ఇట్లు,
బి. బాలలక్ష్మి

*

తార్నాక,
జూన్, 1969

బాలా,

శ్యామలాంబగారిని మరిచిపోయావా?

అరుంధతి

*

జనగామ,
జూలై, 1969

నా అరుంధతికి,

ఈ జాబు పోస్టుల వెయ్యలేదు. సమ్మయ్య చేతికిచ్చి పంపుతున్న. మీ సందులోకెళ్లి వెనక్కి మళ్లిన మనిషి ఈసారి మీ ఇంట్ల అన్నం తినకుండా వస్తే నా గడప తొక్కనియ్యనని చెప్పిన.

నీ ఒక్క వాక్యం జాబు నాకు బడి వరండాలో ఇచ్చినరు. శ్యామలాంబ పేరు చూడంగనే ఆమె కత్తెర చప్పుడు వినపడ్డది. మెట్ల మీదనే కూర్చున్న. పేరయ్యగారు "శ్యామలాంబ ఎవరమ్మా?" అని అడిగిండు. "పోయింది సార్, పెద్దావిడ" అన్న. అందరు అయ్యో అన్నరు. నేను కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన. ఏ ఏడుపో వాళ్లకు తెల్వదు.

నాలుగు రోజులకు నెమలి కుంటుకుంట వచ్చింది. ఇప్పుడు వేరే చోట భద్రంగ ఉన్నది. వచ్చిన్నాడు అన్నం తినుకుంట వెంకటేశం అంతా చెప్పిండు. పోలీసులు మీ తలుపు కొట్టినప్పుడు తాను బస్తాల వెనక ఉండి విన్నడట. ఉమాపతిగారు వాకిట్ల నిలబడి, "మేం గుంటూరువాళ్లం బాబూ. మమ్మల్ని పొమ్మంటుంటే వాళ్ల పిల్లాణ్ణి నేను దాచిపెట్టుకుంటానా?" అని గట్టిగ కోప్పడితే, ఇన్స్పెక్టరు మాఫీ అడిగి పోయిండట. తర్వాత వీడు "అంత అబద్ధం ఎట్లాడినవ్ పెద్దనాయినా?" అంటే, "అబద్ధమెక్కడరా, ప్రశ్న వేశానంతే" అని చదరంగం పరిచిండట.

నేను మరిచిపోయిన అని రాస్తే సుఖంగ ఉండేది అరుంధతీ. కాని మరుపు కాదు అది. నెమలి అన్న మాట చూసినప్పుడు ఒక్క గడియ అనుమానం తట్టింది, ఇది మన ఆటేమోనని. అంతలోనే, ఆంధ్రామె మన పిల్లగాణ్ణి ఎందుకు దాస్తది అనుకున్న. నిన్ను ఆంధ్రామె అనుకున్నది ఆ ఒక్క గడియనే. దాన్ని ఎట్ల కడుక్కోవాల్నో తెలుస్తలేదు.

పోవద్దని అడిగే మొఖం లేదు. అయినా అడుగుతున్న.

నీ,
బాల

*

తార్నాక,
జూలై, 1969

ప్రియమైన బాలకు,

సమ్మయ్యగారు వచ్చేసరికి వాకిట్లో ట్రంకుపెట్టెలు కట్టి ఉన్నాయి. బదిలీ ఉత్తర్వు సోమవారమే వచ్చింది, జనవరిలో అడిగినది. ఆయన పెట్టెల్ని ఒకటొకటిగా చూశారు. చెప్పులు విడిచి లోపలికొచ్చి, "అన్నం పెట్టమ్మా, లేకుంటె నన్ను ఇంట్లకు రానియ్యదట" అన్నారు. గిన్నెలన్నీ గడ్డిలో చుట్టేశాం. ఒక పెట్టె విప్పాల్సి వచ్చింది.

నీ ఒక్క గడియ గురించి. నాకూ ఉంది ఒకటి. వెంకటేశం తలుపు తట్టినప్పుడు గడియ తీయడానికి ముందు నేను కొంచెం ఆగాను. ఆ ఆగడంలో ఏమనుకున్నానో నీకు చెప్పను, నువ్వూ అడగకు. తలుపు తీసింది నేను కాదు, నా వెనకనుంచి వచ్చి ఉమాపతిగారు తీశారు. అందుకని నువ్వు నాకు బాకీ ఉన్నావనుకోవద్దు.

భోజనాలయ్యాక మగవాళ్లిద్దరూ చదరంగం ముందు కూర్చున్నారు. రెండు నల్ల బంట్లు లేవు. బియ్యం గది వెదికితే ఖాళీ బస్తా మడతల్లో దొరికాయి. ఉమాపతిగారు వాటిని తీసుకుని గళ్లల్లో నిలబెట్టి, "మిగతా పెట్టెలు రేపు చూద్దాంలే" అన్నారు. రేపు కట్టడమో విప్పడమో అనలేదు.

ఇదిగో, రేపటి పత్రికలో రావలసినది:

"తార్నాకలో కట్టిన సామాను విప్పిన కుటుంబం: కారణాలు తెలియరాలేదు."

దీని పర్యవసానం ఈసారి నువ్వు రాయి. పోస్టులోనే పంపు. పేరయ్యగారు కూడా చదువుకుంటారు.

నీ,
అరుంధతి