శుక్రవారం చర్చి

ఏమండీ, అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. చింతచిగురు రొయ్యలు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. కువైట్లో ఉన్నన్నాళ్ళూ మీరు కలవరించిన కూరే అది. ఇప్పుడేమో ఖుబ్బూసు రొట్టె లేదని పళ్ళెం పక్కకి తోసెయ్యకండి. పిల్లి తిరుగుతోంది, వంటింటి కిటికీ వేసెయ్యండి.

సాయంత్రం కువైట్ నుంచి మా యెహెజ్కేలు అన్నయ్య ఫోన్ చేస్తాడు. మీ పాత ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందట. నేనొచ్చేదాకా ఆగండి, రానని చెప్పెయ్యకండి. ఇక ఇక్కడే ఉండిపోతామని ఊరందరికీ చెబుతున్నారు, నన్నొక్కసారైనా అడిగారా? మీరు రోజూ కాలవగట్టు మీద అటూ ఇటూ తిరగడం, నేను సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దడం. ఇదేనా ఉండిపోవడమంటే?

నా సంగతి చెబుతాను, నవ్వకండి. పొద్దున్న మీరు అటు వెళ్ళగానే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని చర్చికెళ్ళాను. తలుపుకి తాళం! ఇన్నేళ్ళూ కువైట్లో సెలవురోజని శుక్రవారమే ఆరాధనకి వెళ్ళిన కాళ్ళు, ఇక్కడ ఆదివారమంటే వింటాయా? చర్చి ఊడ్చే సువార్తమ్మ గారు మెట్ల మీద మిరపకాయలు ఎండబోస్తున్నారు. "ఏంటమ్మా, ఇవాళ ఏదైనా పెళ్ళా?" అన్నారు. సిగ్గేసి, మిమ్మల్ని చూసిపోదామనే వచ్చానండీ అని అబద్ధమాడాను.

ఆశ

ఆటో హారన్ కొడుతోంది, అయినా ఇది రాయకుండా వెళ్ళలేను. ఆవిడ పకపకా నవ్వి, "పోయిన శుక్రవారం మీవారు జయపాల్ గారు కూడా తెల్లచొక్కా వేసుకొచ్చి ఇదే మాటన్నారమ్మా" అన్నారు.