లిఫ్టులో చిక్కిన నీలాంబరం

కోదాడ,
12-7-1989

సూర్యాపేట బస్టాండు దగ్గర కిరాయి పుస్తకాల షాపు నడిపే ధన్‌సింగ్ గారికి, కోదాడ నుంచి కౌసల్య నమస్కరించి రాయునది.

మీరు నన్ను చూడలేదు. మా వారు సత్యనారాయణ గారు మీకు తెలుసు. పొడుగ్గా ఉంటారు, మాట తక్కువ. పోయిన నెల పెరట్లో జారిపడి నేను కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు వేసి, నెలన్నర మంచం దిగొద్దన్నారు డాక్టరు. ఆయన సూర్యాపేట వచ్చినప్పుడల్లా మీ షాపు నుంచి 'మంత్రాల డిటెక్టివ్ నీలాంబరం' నవలలు తెచ్చిస్తున్నారు. హైదరాబాదులో దర్జీ షాపు పైన గదిలో ఉంటూ మంత్రాలతో దొంగల్ని పట్టుకునే ఆ పిల్లవాడే లేకపోతే నాకు ఈపాటికి పిచ్చెక్కేది.

పన్నెండో భాగంలో వజ్రాల దొంగ కోసం నీలాంబరం ఐదంతస్తుల మేడకు వెళ్లాడు. లిఫ్టెక్కాడు. లోపల రాక్షసుడున్నాడు. తలుపు మూసుకుంది. అంతే! తర్వాతి తొమ్మిది పేజీలు ఎవరో చింపుకుపోయారు. మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఏమైందో వెంటనే రాయండి.

ఇట్లు,
కౌసల్య

తా.క.: దొంగెవరో తీరిగ్గా చెప్పినా పర్వాలేదు. ముందు ఆ పిల్లవాడు లిఫ్టులోంచి బయటపడ్డాడా లేదా?

*

సూర్యాపేట,
16-7-1989

కౌసల్యమ్మ గారికి ధన్‌సింగ్ నమస్కారాలు.

అమ్మా, మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మీకంటే ముందు ఆ పుస్తకం తీసుకున్నది పక్కనే టిఫిన్ బండి నడిపే దుర్గమ్మ. వెళ్లి అడిగాను. "నీ పేజీలల్ల బజ్జీలు కట్టిస్తున్ననా? జర నోరు దగ్గర పెట్టుకో!" అని గరిటె ఎత్తింది. బజ్జీలు కాగితంలోనే కట్టిస్తుంది కాబట్టి నా అనుమానం పూర్తిగా పోలేదు.

నా దగ్గర ఇంకో ప్రతి లేదు. కథ చెబుతాను. నీలాంబరం బయటపడ్డాడు. రాక్షసుడికి ఎత్తైన చోటికి పోతే కళ్లు తిరుగుతాయని కనిపెట్టి, లిఫ్టును ఇరవై సార్లు కిందికీ పైకీ తిప్పాడు. రాక్షసుడు వాంతి చేసుకుని కాళ్ల మీద పడ్డాడు. వజ్రాల దొంగ ఎవరో కాదు, ఆ మేడ మేనేజరే. మీరు నిమ్మళంగా భోంచేయండి.

మీ విధేయుడు,
ధన్‌సింగ్

తా.క.: అమ్మా, నేనింతవరకు లిఫ్టు ఎక్కలేదు. లోపల కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా?

*

కోదాడ,
22-7-1989

నాయనా ధన్‌సింగ్‌కు కౌసల్య ఆశీస్సులు.

పిల్లవాడు బతికాడన్నావు, కడుపునిండా తిన్నాను. కానీ మేనేజరు నలభయ్యో పేజీలోనే చచ్చిపోయాడు కదయ్యా! మా పక్కింటి పెంటమ్మకు చదువు రాదు. రోజూ మధ్యాహ్నం నా మంచం పక్కన కూర్చుని ఈ కథ వింటుంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "సచ్చినోడు దొంగతనం ఎట్ల జేస్తడమ్మా? ఆ షాపాయన కథ మరిసిండు" అంది. నాకూ అలాగే అనిపించింది. అందుకే ఈ భాగం అక్కడి షాపుల్లో వెతికి పంపమని మిర్యాలగూడలో ఉన్న మా చెల్లెలు సులోచనకు రాశాను.

ఉంటాను,
కౌసల్య

తా.క.: చెల్లెలికి రాశానని చెబితే మా వారు, "బతికిండు కద, ఇగ ఇడిసిపెట్టు" అన్నారు. నవలల గురించి ఆయన నోరు విప్పడం ఇదే మొదలు.

*

సూర్యాపేట,
27-7-1989

కౌసల్యమ్మ గారి పాదాలకు ధన్‌సింగ్ దండాలు.

మేనేజరు చచ్చాకనే దొంగతనం చేశాడమ్మా, దయ్యమై! ఎనిమిది పేజీలు వివరంగా రాసి జతచేశాను. చివర్లో నీలాంబరం, పేపరులో పనిచేసే అమ్మాయిని పెళ్లాడతానని మాటిస్తాడు. సులోచనమ్మ గారికి శ్రమ ఎందుకు? వద్దని రాయండి.

ఇక్కడ నా సంగతి బాగాలేదు. రోజూ పొద్దున్నే సొంత అక్కలా చాయ్ ఇచ్చే దుర్గమ్మ పదిరోజులుగా నా మొహం చూడటం లేదు. నిన్న బతిమాలితే, "దొంగ చేతి చాయ్ ఎట్ల తాగుతవ్?" అని తల తిప్పుకుంది. కళ్లనిండా నీళ్లు. ఆమె చింపలేదని నాకప్పుడు తెలిసింది. కానీ అన్న మాట ఎలా వెనక్కి తీసుకోను?

మీ ధన్‌సింగ్

తా.క.: మీ దగ్గర దాచను. ఆ భాగం నేను చదవనేలేదు. లిఫ్టు నుంచి పెళ్లి దాకా అంతా నేనే కల్పించాను. ఎన్ని తిట్లైనా తిట్టండి, అన్నం మాత్రం మానకండి.

*

కోదాడ,
5-8-1989

నాయనా ధన్‌సింగ్‌కు కౌసల్య దీవెనలు.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నాను. నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. ఎందుకో చెబుతాను.

నిన్న సులోచన పంపిన పుస్తకం అందింది. నీలాంబరం చచ్చిపోయాడయ్యా! ఆ లిఫ్టులోనే. కింద 'సమాప్తం' అని వేశారు. ఇక భాగాలే లేవట. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే మా వారు పొలం నుంచి వచ్చారు. అట్ట చూసి గడపలోనే ఆగిపోయారు.

"నేనే చింపిన," అన్నారు.

ఆ రోజు సూర్యాపేటలో బస్సెక్కి, ఊసుపోక చివరి పేజీలు తిరగేశారట. దారిలో చివ్వెంల ఊరు దాటేలోపే పిల్లవాడి ప్రాణం పోయిందట. "మంచంల పడి ఉన్నవ్. ఆ పోరని పేరు జెప్పుకోని రెండు ముద్దలు తింటున్నవ్. గా సావు నీకెట్ల సూపెట్టాలె?" అన్నారు. చింపి కిటికీలోంచి పారేశారట. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆయన నాకు మూరెడు పూలు తెచ్చి ఎరుగరు. నా కోసం తొమ్మిది పేజీలు చింపారు.

దుర్గమ్మ సంగతి చెబితే ఆయన మొహం మాడిపోయింది. ఈ ఉత్తరం తీసుకుని రేపు మొదటి బస్సుకే వస్తున్నారు. ఆమె దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. తప్పు తనదని నలుగురిలో చెబుతారట. మాటలు రాని మనిషి, నువ్వు పక్కన నిలబడు.

నీ క్షేమం కోరే,
కౌసల్య

తా.క.: పెంటమ్మకు చావు సంగతి చెప్పలేదు. పదమూడో భాగం మనమే రాద్దాం. మొదటి వాక్యం మా వారు చెప్పారు, అక్షరం మార్చకు: "నీలాంబరం సావలే. సోయి తప్పి పడిపోయిండు, గంతే."