వదిలేసిన పదకొండు పేజీలు

వనజా,

నువ్వు వెళ్లి పది నెలలు నిండాయి. అక్కడ ఎలా ఉన్నావని అడగాలనే ఉంది కానీ, అడిగే ముఖం నాకు లేదు. ముందు ఒక సంగతి చెప్పాలి. దానికి నిన్ను ఒక ఉదయం దగ్గరికి తీసుకెళ్లాలి.

మంగళవారం. నీకు డయాలిసిస్ లేని రోజు. కింద ఇంటివాళ్లు నీళ్ల మోటారు వేశారు. నేను దీపం పెట్టి, సహస్రనామం చదివి, చివర్లో చెప్పే క్షమాపణ శ్లోకం కూడా చెప్పాను. పారాయణంలో అక్షరం జారినా, మాత్ర తప్పినా మన్నించమని వేడుకునే శ్లోకం. ముప్పై ఏళ్లుగా రోజూ చెబుతున్నాను. నిజానికి ఎప్పుడూ అక్షరం జారనివ్వలేదు. ఆ సంగతి కొంచెం గర్వంగా కూడా ఉండేది నాకు.

నువ్వు కిటికీ పక్కన కుర్చీలో, వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నావు. రోజంతటికీ కొలిచి పోసిన నీళ్లలోంచి చిన్న గ్లాసుతో ఒక్కో గుటక తాగుతున్నావు. "నీ దేవుని తీర్థం లెక్కనే ఉంది గదా అక్కా నా నీళ్ల కత" అన్నావు. ఉప్పు తగ్గించిన ఉప్మా తెచ్చిస్తే, రెండు చెంచాలు తిని పక్కన పెట్టావు.

"దేవుని డ్యూటీ అయిందా? ఇగ నా డ్యూటీకి రా."

కళ్లజోడు తుడుచుకుని పుస్తకం తెరిచాను. పాతకాలపు సినిమా నటి ఆత్మకథ. ఇంకా రెండే అధ్యాయాలున్నాయి...

అక్కడ ఆగుతాను. ముందు ఇంకొన్ని చెప్పాలి.

మన తమ్ముడు రమేష్ దుకాణం ముందు కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్లు చీరలకు ఫాల్, పీకో కుట్టావు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంత రద్దీ ఉన్నా, రెండు చీరల మధ్య ఒక పేజీ చదివేదానివి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచేచోటి నుంచి నిన్ను లాక్కురావడం వాడికి ఒక పని. మీ బావ పోయాక నాతో ఉండటానికి ఎల్బీ నగర్ వచ్చినప్పుడు నీ సామాను ఒక్క సూట్‌కేసు, పుస్తకాలు మాత్రం నాలుగు అట్టపెట్టెలు. వాటిలో కుట్టగా మిగిలిన దారం ముక్కలే పేజీ గుర్తులు.

ఇంకో అలవాటుండేది నీకు. చదువుతుంటే మన ఇంట్లో ఎవరైనా గుర్తొస్తే, అక్కడ పెన్సిల్‌తో వాళ్ల పేరు రాసేదానివి. ఒక నవలలో బేరాలాడే షావుకారు పక్కన "రమేష్". ఎప్పుడూ దండాలు పెట్టే ముసలావిడ పక్కన ఎవరి పేరుందో చెప్పనక్కర్లేదు కదా.

షుగరు ముందు నీ కళ్లు తీసుకుంది, తర్వాత కిడ్నీలు. చదివిపెట్టమని నన్ను అడిగావు. నేను జీవితంలో నవల ముట్టలేదు. కథలతో కాలం పోతుంది తప్ప పుణ్యం రాదన్నాను.

"పుణ్యం నువ్వు సంపాయించు, కతలు నాకియ్యి. పైకి పోయినంక ఇద్దరం సగం సగం పంచుకుందాం."

అలా మొదలుపెట్టాను. ప్రేమ సంగతులు వచ్చినచోట నా గొంతు దానంతటదే తగ్గేది. "గొంతెందుకు చిన్నగ చేసినవ్? ముద్దు పెట్టుకున్నరా ఏంది?" అని నవ్వేదానివి. చావులు వస్తే నాకు భయమేసేది. నీ ముందు ఎలా చదవను? ఒక నవలలో హీరోయిన్ భర్త బస్సు ప్రమాదంలో పోతే, చిన్న దెబ్బతో ఇంటికొచ్చాడని నేనే కల్పించి చదివాను. రెండు పేజీల తర్వాత అతని పదో రోజు వచ్చింది. ఏం చేయాలో తోచక ఆగిపోయాను.

"సచ్చినోడు లేచొచ్చి చాయ్ తాగుతుండు, పదో రోజు ఎవరికి పెడుతున్రే?" కడుపు పట్టుకుని నవ్వావు. తర్వాత నవ్వు ఆపి, "పారాయణంల ఒక్క అక్షరం ఇడువవు. నా పుస్తకంల పేజీలకు పేజీలు మింగుతవు. ఇగ నుంచి ఉన్నది ఉన్నట్టు చదువాలె, మాటియ్యి" అన్నావు.

మాటిచ్చాను. దేవుడి పటం వైపు తిరిగి మరీ ఇచ్చాను.

ఇప్పుడు ఆ మంగళవారానికి వస్తాను.

అధ్యాయం మొదటి నాలుగు లైన్లు లోపల చదువుకున్నాను. ఆ నటి ముసలితనంలో ఆసుపత్రి మంచం మీద ఉంది. వైద్యం చాలు, ఇంటికి తీసుకెళ్లమని పెద్ద కూతురితో అంటోంది... అధ్యాయం మొత్తాన్ని బొటనవేలితో పట్టుకుని, ఒకేసారి తిప్పేశాను. తర్వాతి అధ్యాయంలో తన సినిమాల గురించి, తనకు మేకప్ వేసినవాళ్ల గురించి ఉంది. అది చదివాను. పుస్తకం మూశాను.

"అంతేనా అక్కా?"

అంతే అన్నాను.

"మధ్యల ఏం లేదా?"

ఏమీ లేదన్నాను. నుదుట పెట్టుకున్న గంధం ఇంకా తడిగానే ఉంది.

నువ్వు కిటికీ వైపు తిరిగి, ఎండ ఎక్కడుందో చేత్తో తడిమి చూసి, "మంచిది" అన్నావు. అంతే. ఇంకో పుస్తకం మొదలుపెట్టమని అడగలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావద్దా?

మూడు వారాలకు నీకు జ్వరం, ఆయాసం. ఆటోలో నా మణికట్టు పట్టుకుని, "అక్కా, జర బండిని ఇంటికి మల్పుమను" అన్నావు. సాయంత్రానికి వచ్చేద్దామని చెప్పాను. రెండో రోజు డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి, మిషన్ల మీద పెట్టాలా, ఇంటికి తీసుకెళ్తారా అని నెమ్మదిగా అడిగాడు. రమేష్ నా ముఖం చూశాడు. చేయగలిగిందంతా చేయండని నేనే అన్నాను. అందరూ నా ప్రార్థనను నమ్మారు. నేనూ నమ్మాను.

తొమ్మిది రోజులు. గొంతులో గొట్టం. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు, అద్దం అవతల నిలబడి చూడటం. నీ వేళ్లు దుప్పటి అంచు వెంట కదులుతుండేవి, ఫాల్ కుడుతున్నట్టు...

ఆ తర్వాత నేను కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గర ప్రదక్షిణలు చేశాను. జపాలు చేశాను. నిద్ర మాత్రం రాలేదు. రెండో నెలలో నీ అట్టపెట్టెలు తెరిచాను. చదవడం మొదలుపెట్టాను వనజా. నాకు నేనుగా. పూజ అయ్యాక, నీ కుర్చీలో.

బస్టాండు దగ్గర మెస్ నడిపే ఆవిడ నవల చదివాను. ఆవిడ రోజూ ఒక ప్లేటు ఎక్కువ పెడుతుంది, ఎవరి కోసమో చివరిదాకా చెప్పదు. నువ్వున్నప్పుడైతే ఏమిటీ తిక్క అనేదాన్ని. ఇప్పుడు నేనూ రెండు గ్లాసులు కడుగుతున్నాను. ఇంకో నవలలో సరిగ్గా సమయానికి ఒకరు తలుపు చాటున నిలబడి మాట వింటారు, అపార్థం తీరిపోతుంది. మన ఇంట్లో తలుపు చాటున ఎవరూ లేకపోయారు కదా అనుకున్నాను.

క్రికెటర్ ఆత్మకథ నీకెందుకు నచ్చిందో తెలియలేదు. ఏ ఓవర్లో ఏ బంతికి ఏం చేశాడో అన్నీ గుర్తున్నాయి. వాళ్లమ్మ పోయిన సంగతి మాత్రం రెండు లైన్లు. మొదట కోపమొచ్చింది. తర్వాత చూస్తే ఆ రెండు లైన్ల పక్కన నీ పెన్సిల్ గీత ఉంది. అంతకన్నా రాయలేక ఆగిపోయాడని నువ్వు కనిపెట్టావా?

కామెడీ నటుడి పుస్తకం సగంలో పెట్టేశాను. అందరికీ కృతజ్ఞతలే, పెళ్లి కార్డు మీది పేర్లు చదివినట్టుంది. పేరున్నవాళ్లు తమకెవరు అన్యాయం చేశారో అధ్యాయాలు రాస్తారు. తాము చేసింది వచ్చేసరికి ఒక్క పేరాలో దాటేస్తారు. అది చదివి తల ఊపాను... ఊపి ఆగిపోయాను. నాకు పేరు లేదు గానీ, నేను చేసింది అదే కదా?

ఆ నటి పుస్తకం మాత్రం ముట్టలేదు. అడుగున పెట్టి, పైన మిగతావి పేర్చాను. మొన్న శనివారం అన్నీ అయిపోయి, అదొక్కటే మిగిలింది.

తెరిచాను. పదకొండు పేజీలు.

చివరి అధ్యాయాలు ఆవిడ మంచంలో ఉండి చెబుతుంటే పెద్ద కూతురే రాసిందట. ఇంటికి తీసుకెళ్లనని కూతురు మొండికేసిందట. నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదట. ఆ కోపంలో తల్లి తనను అన్న మాటలన్నీ, ఒక్కటి వదలకుండా ఆ అమ్మాయి తన చేత్తో రాసింది. నేను చదవడానికే భయపడ్డాను.

మూడో పేజీలో నీలం దారం ముక్క ఉంది, వనజా.

కొత్త పుస్తకం, ఇంకా తెరవలేదన్నావు నాతో. నువ్వూ అబద్ధం చెప్పావు. ఒక కన్ను కొంచెం కనిపిస్తున్నప్పుడే భూతద్దం పెట్టుకుని చదివేశావు. వంకరపోయిన పెద్ద పెద్ద అక్షరాలు. నటి ఇంటికి పోదామని అడిగినచోట పక్కన "నేను" అని ఉంది.

"అక్క" అని ఎక్కడుందో వెతికాను. మొండికేసిన కూతురి పక్కన ఉంటుందనుకున్నాను. లేదు. ఆరు పేజీల తర్వాత ఉంది. ఐదో రోజు పొద్దున ఆ కూతురు వచ్చి, తల్లి జుట్టు దువ్వి, "పద అమ్మా, ఇంటికి" అన్నచోట. అక్కడ ఉంది, "అక్క" అని.

ఆవిడ ఇంట్లో ఏడు వారాలు బతికిందట. వీధిలో కూరలమ్మేవాళ్ల కేకలు వింటూ.

నువ్వు నోటితో అడగలేకపోయావు. నేను తట్టుకోలేనని నీకు తెలుసు. అందుకని ఆ మాట నా గొంతుతోనే నాకు వినిపించాలనుకున్నావు. చదువుతూ చదువుతూ నేనే అక్కడికి చేరతానని నమ్మావు. అంతేనా అని ఒకసారి అడిగావు. మధ్యలో ఏం లేదా అని రెండోసారి అడిగావు. రెండుసార్లు తలుపు తీసి పట్టుకున్నావు... నేను రెండుసార్లూ మూసేశాను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ సాయంత్రం నీ సంవత్సరీకం గురించి మాట్లాడటానికి రమేష్, మరదలు కవిత, వాళ్లమ్మాయి శ్రావ్య వచ్చారు. చాయ్ ఇచ్చి, పుస్తకం మధ్యలో పెట్టి, ఆ మంగళవారం నుంచి అన్నీ చెప్పాను. నా గురించి మంచిగా ఒక్క ముక్క కలపలేదు.

రమేష్ ఆ రెండు పేర్లూ చూశాడు. లేచి డాబా మీదికి వెళ్లాడు. చాలాసేపటికి దిగి వచ్చి, "పెద్దక్కా, ఆ దినం నీ మొఖం చూసి సంతకం పెట్టిన" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. కవిత నా పక్కకు జరిగి కూర్చుంది. నన్ను ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది.

తర్వాత అందరం కలిసి అనుకున్నది ఇది.

నీ సంవత్సరీకానికి ఫంక్షన్ హాలు లేదు. ఈ రెండు గదుల్లోనే. రమేష్ ఆ రోజు దుకాణం తెరవడు. పంతులుగారు వెళ్లాక, భోజనాలు కాకముందే, నీ కుర్చీ చుట్టూ అందరూ కూర్చుంటారు. నేను ఆ పదకొండు పేజీలూ పైకి చదవాలి. "ఒక్క లైను ఇడ్వద్దు పెద్దక్కా. గొంతు ఆగితే ఆగనియ్యి, మేం కూసుంటం" అన్నాడు రమేష్. శ్రావ్య నా పక్కన కూర్చుని, లైన్ల కింద వేలు పెట్టి చూస్తుందట. "పెద్దత్త మింగితే నేను పట్టుకుంట" అంది. నీ మేనకోడలే, సందేహం లేదు.

నీ అట్టపెట్టెలు ఎవరికీ ఇవ్వకూడదని కవిత అంది. సరేనన్నాం.

చదివాక క్షమాపణ శ్లోకం చెప్పాలా అని శ్రావ్య అడిగింది. వద్దని నేనే అన్నాను. అది అక్షరం జారినవాళ్ల కోసం. తెలిసి తిప్పేసినవాళ్లకు అది చాలదు. పుస్తకం మూసి, ఊరికే కూర్చుంటాను. నువ్వు అడగడానికి ఎంతసేపు పడితే అంతసేపు.

అంతేనా అక్కా అని అడుగు వనజా. ఈసారి, అంతే అని చెప్పగలను.

అక్క