తెర మీద అమ్మ పేరు

దుర్గి,
11 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన అన్నయ్య బ్రహ్మాజీకి చెల్లెలు మహేశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా స్పీకర్లూ క్షేమం. అక్కడ నువ్వూ, వదినా, లహరీ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం చదివాక నీ బీపీ కూడా క్షేమంగా ఉంటుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. ఫోన్లో నేను రెండో మాట అనేలోపే పెట్టేస్తావు. కాగితమైతే నన్ను చివరిదాకా మాట్లాడనిస్తుంది.

ఆదివారం నరసరావుపేటలో లహరి నిశ్చితార్థానికి సౌండ్ సిస్టమ్ తీసుకురమ్మని నిన్న ఫోన్ చేశావు. సంతోషం. కానీ పాటలు ఎంచుకునే జూక్‌బాక్స్ తెర మీద అమ్మ ఫోటో, అమ్మ పేరు తీసేసి మరీ తేవాలట, లేకపోతే నన్నూ రావద్దన్నావు. ఈపూరు వియ్యాలవారు చానా మర్యాదస్తులు, మనమ్మ గడప దాటని మనిషని వాళ్ళకు చెప్పుకున్నా, తెర మీద తట్ట నెత్తిన పెట్టుకున్న క్వారీ కూలీ కనపడితే నా పరువు ఏంగావాల అన్నావు.

తియ్యను. ఇదే నా జవాబు. ఇక్కడితో ఉత్తరం ముగించొచ్చు గానీ, ఎందుకు తియ్యనో కూడా నువ్వు వినాలి.

పుల్లయ్య బాబాయి దగ్గర మైక్‌సెట్ పని నేర్చుకున్నప్పటి నుంచి చూస్తున్నాను, మన జనం పాటను సినిమా పేరుతో అడగరు. తలంబ్రాలప్పుడు ఏసేది పెట్టు పిల్లా అంటారు. పిల్లను సాగనంపేటప్పుడు అందర్నీ ఏడిపించేది పెట్టమంటారు. అందుకే టచ్ స్క్రీన్ కొని జూక్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ వేసినప్పుడు పాటలన్నీ సందర్భాన్ని బట్టి సర్దాను. చదువు రాని ఆడవాళ్ళు కూడా వేలితో తాకి కావలసింది పెట్టుకునేలా ఒక్కో అరకు ఒక్కో బొమ్మ పెట్టాను. పసుపు దంచటానికి రోకలి, సీమంతానికి గాజులు, తిరునాళ్ళకు ప్రభ. చావింట వినిపించే శ్లోకాలను మాత్రం ఎవరి వేలూ పొరపాటున తగలకుండా విడిగా ఒక మూల దాచాను.

మరి నువ్వేం చేశావు? నీ గృహప్రవేశం ముందురోజు నేను భోజనానికి వెళ్ళి వచ్చేసరికి, ఈ బొమ్మలేంది సంతలాగా అని, అన్నిటినీ కలిపేసి భక్తి, ప్రేమ, విషాదం అని మూడు కుప్పలు పోశావు. దేవుడి మాట ఉన్న ప్రతిదీ భక్తిలో పడింది. తెల్లారి వదిన పాలు పొంగిస్తుంటే ఆ వరసలో చావింటి శ్లోకాలు మోగాయి. ఎవరు పోయారంటూ వీధంతా పరిగెత్తుకొచ్చింది. ఎదురింటాయన పూలదండ కూడా పట్టుకొచ్చాడు. నువ్వు ఆ దండను గుమ్మానికి కట్టించి, తప్పంతా మా చెల్లెలిదే అన్నావు. ఆ రోజు వదిన ముఖం చూసి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను.

ఇక అమ్మ సంగతి. అమ్మ పోయాక బాబాయి నాకిచ్చిన పాత క్యాసెట్లలో అమ్మ పాటలున్నాయి. దాచేపల్లి క్వారీలో మేస్త్రి ఇంట పెళ్ళయినప్పుడు కూలికొచ్చే ఆడవాళ్ళు పాడినవి. అమ్మ ఒక చరణం అందుకుంటే ఇంకో గొంతు ఎదురు పాడుతుంది. వియ్యపురాలి నడక మీదా, మగపెళ్ళివారి తిండి మీదా అబ్బో, ఏం వెటకారం! ఆ రెండో గొంతు ఎవరిదో బాబాయికీ గుర్తులేదు. కంప్యూటర్లోకి ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ ఆ పాటలన్నిటినీ అన్‌నోన్ ఆర్టిస్ట్ అనే అరలోకి తోసేసింది. అంటే ఎవరో తెలియని గాయని అట. ఆ మాట చూసి నాకు ఒళ్ళు మండింది. రాళ్ళు మోసి మనిద్దరినీ పెంచిన మనిషి ఎవరో తెలియకపోవటం ఏమిటి? ఒక్కో పాటా తెరిచి గాయని అన్నచోట నాగులమ్మ అని కొట్టాను. ఊరు దుర్గి అని, పని క్వారీ కూలి అని కూడా రాశాను. బొమ్మగా తట్టతో ఉన్న ఫోటోనే పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెలియక చేసిన పనిని, అన్నయ్యా, నువ్వు తెలిసీ చేయమంటున్నావు.

చిన్నప్పుడు అమ్మ పాడితేగానీ నువ్వు ముద్ద మింగేవాడివి కాదు. పని నుంచి వచ్చి మెడ తిప్పలేని రోజు కూడా నీకోసం పాడేది. ఆ పాటలతో ముద్ద తిన్న నోటితో ఆ పేరు తీసెయ్యమని ఎలా అనగలిగావో నాకు ఇప్పటికీ అర్థం కావటం లేదు. రాత్రంతా ఏడ్చాను. ఏడ్చాక మొండితనం ఇంకా పెరిగింది.

ఆదివారం నేను వస్తున్నాను. మేనత్తను, నా మేనకోడలి వేడుకకు నాకెవరి అనుమతీ అక్కర్లేదు. సిస్టమ్ వస్తే అమ్మతోనే వస్తుంది, లేదంటే దుర్గిలోనే ఉంటుంది, నువ్వు ఏ డీజేనో పిలుచుకో. నన్ను గుమ్మంలో ఆపదలుచుకుంటే వియ్యాలవారి ముందే ఆపు. ఎందుకు ఆపావో వాళ్ళకు నువ్వే చెప్పు.

వదినకు నమస్కారాలు. లహరికి ముద్దులు.

కోపమూ ప్రేమా రెండూ తగ్గని నీ చెల్లెలు,
మహేశ్వరి

తా.క.: ఉత్తరం కవర్లో పెట్టాక, ఈపూరులో ఓణీల ఫంక్షన్ ఉంటే సిస్టమ్ తీసుకెళ్ళాను. ఒక ముసలావిడ తెర ముందు చానాసేపు నిలబడి అమ్మ ఫోటోను తాకింది. అమ్మ చరణం అయిపోగానే, స్పీకర్లో రెండో గొంతు రాకముందే ఈవిడ ఎదురు అందుకుంది. నేను నోరెళ్ళబెట్టి, నీకెట్లా తెలుసు అవ్వా అని అడిగాను. ఆ గొంతు నాదేనే పిల్లా, కరువొచ్చినప్పుడు నాగులమ్మా నేనూ ఒకే క్వారీలో రాళ్ళు మోశాం అని పదిమంది ముందూ చెప్పింది. పేరు కోటమ్మ. నీకు కాబోయే అల్లుడి నాయనమ్మ.

నేను నాగులమ్మ కూతురిననీ, లహరి మేనత్తననీ చెప్పగానే, నాగులమ్మ మనవరాలని ముందే చెప్తే పిల్లను చూడకుండానే ఖాయం చేసేవాళ్ళం గదా, మీ అన్న ఆ మాట ఎందుకు దాచాడే అని అడిగింది. అది మా అన్ననే అడుగు అవ్వా అన్నాను. ఆదివారం నీ మీద పాట కట్టుకుని వస్తుందట.

ఇది తెలిశాక ఉత్తరం చింపేయొచ్చు. చింపలేదు. కోటమ్మ అవ్వ కనపడకముందే నా జవాబు ఇదేనని నీకు తెలియాలి. ఆవిడ అడిగితే ఆవిడ పేరు కూడా తెర మీద అమ్మ పక్కనే చేర్చాను. కాబట్టి ఇప్పుడు తీసేయాలంటే రెండు పేర్లు తీసేయాలి. రెండోది తీసేయటానికి అనుమతి నువ్వే ఈపూరు వెళ్ళి అడుగు.