గేరు పళ్లు ఊడగొట్టిందెవరు?

తమ్ముడూ, ఇది చదివేదాకా నీ మోడల్ ఓడ స్విచ్ వెయ్యకు.

ముందువైపు ఫిరంగి టరెట్ వణుకుతోందని నిన్న చెరువు దగ్గర అందరి ముందూ "మా అక్క వైరింగ్ అంతే" అన్నావు. పొద్దున్నే లేచి చూశాను. టరెట్లను తిప్పే సర్వో మోటార్లలో ముందుదాని వైరూ వెనకదాని వైరూ ఒకదాని చోట ఒకటి మార్చి గుచ్చాను. అయినా వణికింది ముందుదే. అంటే నా వైరింగ్ లక్షణంగా ఉంది, పాడైంది సర్వో. విప్పితే లోపల గేరుకు రెండు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. అవి వాటంతటవి ఊడవు. టరెట్‌ను చేత్తో బలవంతంగా తిప్పితేనే ఊడతాయి. తిప్పొద్దని నీకు వందసార్లు చెప్పాను.

నా పడవ చుక్కాని సర్వో పీకి నీ ఓడకు బిగించాను. ఇవాళ పోటీలో నా పడవ దిగదు. టరెట్ తిరిగే హద్దు రిమోట్‌లో తగ్గించాను, మళ్లీ పెంచావంటే ఇదీ పోతుంది. గెలిచినా ఓడినా, తప్పు నీదేనని అందరి ముందూ చెప్పు. అప్పటిదాకా నాతో మాట్లాడకు.

డ్యూటీకి వెళ్తున్నా.
అక్క

మాట్లాడొద్దన్నాను గానీ, టరెట్ తిరిగేటప్పుడు వీడియో తీసి పంపు.