వడ్లగదిలో పిల్లికూనలు

అల్లూరు, 1958 నవంబరు, ఆదివారం రాత్రి

పిల్లి మా వడ్లగదిలో పిల్లల్ని పెట్టింది. మూడు కూనలు, ఇంకా కళ్ళు తెరవలేదు. నాకు ఏడో నెల కాబట్టి అత్తమ్మ హడలిపోయింది.

"కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో పిల్లి ఉండకూడదు. వీటిని ఏటి అవతల వదిలిపెట్టి రా నాయనా" అని పెద్దకొడుకును, మా బావగారిని, పిలిచి చెప్పింది.

బావగారు యుద్ధంలో మన సైన్యం ఆసుపత్రితో కొరియా వెళ్ళారు. తిరిగి వచ్చిన ఇన్నేళ్ళలో అక్కడి సంగతి ఒక్కటీ చెప్పలేదు. ఈరోజు గడప మీద కూర్చుని చెప్పారు.

"ఆడ కూడా ఇంతేమా. పిల్లి పగబడుతుందని భయపడతారు, దొంగదని తరుముతారు. మా ఆసుపత్రి పక్కన ఒక ముసలామె ఉండేది. పగలంతా చీపురు పట్టుకొని పిల్లిని తరిమేది. మంచు పడిందంటే మాత్రం లోపలికి పిలిచి పక్కలో పడుకోబెట్టుకొనేది. ఎందుకని అడిగిస్తే, 'నా కొడుకు ఈ చలిలో ఎక్కడున్నాడో, వాడికీ ఎవరో ఒకరు తలుపు తీయాల కదా' అనిందంట."

అత్తమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఆమె కొడుకు వచ్చినాడా?"

"నేను బయల్దేరేదాకా రాలేదమ్మా."

అత్తమ్మ ఆయన తల మీద చెయ్యి వేసి, చిన్నపిల్లవాడిని నిమిరినట్టు నిమిరింది. "కూనలు కళ్ళు తెరిచేదాకా ఉండనీలే" అన్నది.

నాకు భయం పూర్తిగా పోలేదు. కానీ అది ఇప్పుడు పిల్లి గురించి కాదు. రేపు నా బిడ్డ కంటికి కనపడనంత దూరం వెళితే, నేనూ ఏ పిల్లినో ఒడిలో పెట్టుకుని కూర్చుంటానేమో...