ఇంట్లోవాళ్ళ వాటా

కొచ్‌కోర్,
ఆలుగడ్డలు తవ్వడం అయిపోయిన వారం.

నా సాయ్‌కల్‌కి,

నీ ఇంటి వైపు నుంచీ, నీ ఆవు వైపు నుంచీ, నా వైపు నుంచీ సలాములు. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేను, ఆవు, కిటికీలో నీ జెరానియం కుండీలు. అక్కడ నువ్వు, నువ్వు చూసుకుంటున్న ముసలావిడ, ఆవిడ పిల్లి కులాసాగా ఉన్నారని తలుస్తాను. మాస్కో రైలెక్కుతున్న మా చిన్నాన్న కూతురి చేత ఈ ఉత్తరం పంపిస్తున్నాను. ఇవి ఫోన్‌లో చెప్పే సంగతులు కావు. మన పోస్టాఫీసు బూత్‌లో గుసగుసలాడినా బయట వరసలో నిలబడ్డవాళ్ళు ఊఁ కొడతారు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చలి మొదలైంది కనుక ఆవు పాలు తగ్గించింది. పొయ్యి గొట్టంలో మసి నేనే దులిపాను. దులిపాక నన్ను చూసి ఆవు వెనక్కి జరిగింది. మన పిల్ల బేగిమాయ్ బిష్కెక్ నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది. చదువు వేసవికి పూర్తవుతుందట, నీ పోలికే, తిన్న గిన్నె తిన్నచోట వదలదు. వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఒకసారి వండితే మూడు రోజులు అదే తింటాను, ఎవరూ వంక పెట్టరు.

ఇక నువ్వడిగిన పెద్ద మాట. ఆ ఇంటివాళ్ళు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నారు, మీరు సరేనంటే సంతకం పెడతాను, వద్దంటే వచ్చేస్తాను, మంచు పడేలోపు చెప్పండి అని రాశావు. ఒక్క ముక్కలో జవాబు రాద్దామనే కూర్చున్నాను. ఆ ముక్కే కలంలోంచి దిగడం లేదు. లైబ్రరీలో జరిగిన సంగతి చెబితేగాని అది చెప్పలేను. కాబట్టి కాస్త ఓపిక పట్టు.

లైబ్రరీకి వెళ్ళమని పోరింది నువ్వే. కాలువలు కట్టేశాక, పొలాలకి నీళ్ళు వదిలే నీరటికి ఏం పనుంటుంది చెప్పు? వేసవంతా నా గడప తొక్కి "నా మడికి నీళ్ళెప్పుడు" అని పీక్కుతిన్నవాళ్ళు, తూములు దించేశాక దారిలో ఎదురైతే టోపీ సర్దుకుని వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పేముంది, ఏరు దాటాక తెప్పతో ఎవరికి పని? పొద్దున్న లేచి గోడకి ఆనుకుని కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం ఇంకో గోడకి మారేవాణ్ణి, ఎండ అటు తిరుగుతుంది కదా.

ఈ శరదృతువంతా లైబ్రరీలో రోజుకో కార్యక్రమం అని, లైబ్రరీ నడిపే కనిషాయ్ అక్క తలుపుకి కాగితం అంటించింది. సోమవారం తొగుజ్ కొర్గోల్ ఆట, బుధవారం ఆడవాళ్ళకి ఉన్ని కంబళ్ళ పని, శనివారం పిల్లలకి కథలు, నెలాఖరున పంటల సాయంత్రం. కాగితం చదువుతూ నిలబడితే ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"చందా లేదు, కార్డూ లేదు. వచ్చేవాళ్ళు తలా బకెట్టు బొగ్గు తెచ్చి పొయ్యి దగ్గర పోస్తే చాలు. ఏం, లోపలికొస్తావా, తలుపుతోనే మాట్లాడతావా?"

"నాకు చదువంటే పెద్దగా..."

"చదవమని ఎవరన్నారయ్యా? పొయ్యి పక్కన కూర్చో."

సోమవారం వెళ్ళాను. గుంటల పలక ముందు సాట్కిన్ తాత కూర్చుని ఉన్నాడు. ఆ గులకరాళ్ళని గొర్రె పెంటికలంటాం కదా, ఆయన ఒక్కో పెంటికా గుంటలో వేస్తూ ఒక్కో తిట్టు తిడతాడు. నన్ను వరసగా ఓడించి, "నీళ్ళు పంచినట్టు పంచుతున్నావేంరా, అందరికీ తలా కాస్త! ఇది ఆట, ఊరి కాలువ కాదు" అన్నాడు. ఎన్నాళ్ళకో నవ్వాను. నవ్వితే దవడ నొప్పెట్టింది, నమ్ముతావా?

బుధవారం ఆడవాళ్ళ రోజు. నాకు పని లేదు, అయినా బొగ్గు బకెట్టు పట్టుకుని వెళ్ళాను. వాళ్ళు నేల మీద ఉన్ని పరిచి, వేడినీళ్ళు చల్లి, చాపలో చుట్టి తొక్కుతున్నారు. అందరి ముందూ నీ చెల్లెలి వరస బురుల్. మన వీధి చివర బురుల్, తెలుసుగా, ఆవిడ నోట్లో పడితే పాత చెప్పు కూడా సిగ్గుపడుతుంది.

"అబ్బో, బావొచ్చాడే! తొక్కడానికొచ్చావా, మమ్మల్ని చూడ్డానికొచ్చావా?"

"టీ తాగడానికి" అన్నాను.

"ఊరికే టీ పోస్తామా? మా చేతులూ కాళ్ళూ ఖాళీ లేవు. ఏదన్నా చదివి వినిపించు."

కనిషాయ్ అక్క ఒక పాత కథల పుస్తకం చేతిలో పెట్టింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండు వాక్యాలైనా కాలేదు, బురుల్ చెవులు మూసుకుంది. "బావా, మేం ఈ గదిలోనే ఉన్నాం, అవతలి గట్టున లేం!" గదంతా ఒకటే నవ్వు. తగ్గించి చదివాను. కథలో పిల్ల దారి తప్పినచోట తొక్కుడు ఆగింది, దొరికినచోట మళ్ళీ సాగింది. అప్పటినుంచి బుధవారాలు చదివేది నేనే. మొదటిరోజు ఇంటికొచ్చాక ఆపుకోలేక ఆవుకీ ఒక కథ చెప్పాను. అది మధ్యలో పడుకుంది.

ఇదంతా చదివి, మా ఆయన హాయిగా ఉన్నాడు అనుకుంటావేమో. అక్కడున్నంతసేపూ హాయిగానే ఉంటాను సాయ్‌కల్. కనిషాయ్ అక్క తాళంచెవి తీసే వేళకి మాత్రం ఏదో ఒక పని వెతుక్కుంటాను. కుర్చీలు సర్దుతాను, బూడిద ఎత్తుతాను, తుడిచిన బల్ల మళ్ళీ తుడుస్తాను. ఒకరోజు ఆవిడ, "ఇక వెళ్ళవయ్యా, ఈ బల్లకి తోలూడిపోతుంది" అంది.

అసలు సంగతికి వస్తున్నాను. బుధవారం పనయ్యాక అందరూ తెచ్చింది పరిచి టీ తాగుతారు. లేచేముందు నూనెలో వేయించిన బోర్సోకులో మిఠాయో ఇంట్లోవాళ్ళ వాటాగా, కెషిక్ అని రుమాల్లో మూట కట్టుకుంటారు. నువ్వున్నప్పుడు నేను ఏ పెళ్ళి నుంచైనా వట్టి చేతులతో వచ్చానా? గడపలోనే నా జేబులు తడిమేదానివి. మొదటి బుధవారం నేను కూడా అలవాటుగా చెయ్యి చాచాను. బురుల్ పళ్ళెం వెనక్కి లాగింది.

"ఈయనకి మూటెందుకే? ఇంట్లో ఆవు బోర్సోకులు తింటుందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికన్నా గట్టిగా. ఆవిడ మనసులో విషం లేదు, నాకు తెలుసు. ఇంట్లో ఎవరూ లేనివాడు కెషిక్ కట్టుకోడు, అంతే. అయినా ఆ రోజు చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నడుస్తుంటే ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

నెలాఖరున పంటల సాయంత్రం జరిగింది. సగం ఊరు వచ్చింది. పుస్తకాల బీరువాలు గోడకి జరిపి పొడుగాటి గుడ్డ పరిచారు. గుమ్మడికాయలు, ఇస్సిక్‌కుల్ ఆపిళ్ళు, వేడి రొట్టెలు, బోర్సోకులు కొండంత. పిల్లలు పాడారు, సాట్కిన్ తాత అరచేతులు చాచి దీవించాడు, అందరం ఆమీన్ అని అరచేతులతో ముఖాలు తడుముకున్నాం. తర్వాత కనిషాయ్ అక్క కాగితపు సంచులు పట్టుకుని వరసగా మూటలు కట్టింది. నా దగ్గర ఆగి, మామూలుగానే అడిగింది.

"ఇంట్లో ఎవరున్నారయ్యా?"

అందరినీ అదే అడిగింది, అలాగే అడిగింది. నా ముందువాడు మనవలున్నారన్నాడు, వాడి ముందావిడ అత్తగారుందంది. నా వంతు వచ్చింది. బురుల్ నా పక్కనే ఉంది, మళ్ళీ ఆవు మాట ఎత్తుతుందని భయమేసింది. నోట్లోంచి ఊడిపడింది.

"సాయ్‌కల్ ఉంది" అన్నాను.

"అయ్యో! ఎప్పుడొచ్చింది? చెప్పనేలేదే!"

"ఇవాళే. అలసిపోయి పడుకుంది."

నీకు కట్టిన సంచి చూడాల్సింది. నిండుగా, మూతి కట్టలేనంత. బురుల్ తన వాటా ఆపిళ్ళు కూడా అందులో వేసింది. దాన్ని గుండెకి హత్తుకుని ఇంటికి నడిచాను. దారిలో ఎదురైనవాళ్ళకి నేనే ముందుగా సలాం చెప్పాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ దారి పొడుగునా నువ్వు నిజంగానే ఇంట్లో ఉన్నావు.

నేను మరిచిపోయింది ఒకటే. దూరం నుంచి వచ్చినవాళ్ళని చూడ్డానికి మనవాళ్ళు పిలుపు కోసం ఆగరు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. కిటికీలోంచి చూస్తే బురుల్, కనిషాయ్ అక్క, కంబళ్ళ ఆడవాళ్ళందరూ, చేతుల్లో వేడి రొట్టెలు, మంచి తలగుడ్డలు కట్టుకుని. తలుపు తియ్యకుండా ఎలా ఉంటాను?

"ఏది మా అక్క?" అంటూ వచ్చి కూర్చున్నారు.

"పడుకుంది" అన్నాను.

"ఫర్వాలేదు, లేచేదాకా ఉంటాం. ఏం తొందర?"

టీ పెట్టాను. పొడి సగం నేలపాలు చేశాను. వాళ్ళు మాస్కో గురించి అడుగుతున్నారు, నేను నీ ఉత్తరాల్లోవి అప్పజెబుతున్నాను, పిల్లి సంగతితో సహా. టీ ఒకసారి అయింది, రెండోసారి అయింది. లోపలి గది తలుపు మూసే ఉంది. ఇక బురుల్ ఆగలేకపోయింది. "నేను మెల్లగా లేపుతాలే, నన్ను చూస్తే కోప్పడదు" అని లేచింది. వద్దనడానికి నాకు గొంతు రాలేదు. పొలాల్లోంచి ఊరంతా వినపడే గొంతు, ఆ నిమిషం రాలేదు.

తలుపు కొంచెం తెరిచి తల లోపల పెట్టింది. అక్కడేముంది? పెట్టె మీద మడత పెట్టిన పరుపులు పెట్టినట్టే ఉన్నాయి. నువ్వు వెళ్ళినప్పటినుంచి నేను ఆ గదిలో పడుకోవడం లేదు, పొయ్యి దగ్గరే పడుకుంటున్నాను. బురుల్ అలాగే నిలబడిపోయింది. అయిపోయింది, ఇక ఊళ్ళో తలెత్తుకోలేను అనుకున్నాను.

ఆవిడ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది. ఇటు తిరిగి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్... మంచి నిద్రలో ఉంది. ఎంత అలసిపోయిందో పాపం! గట్టిగా మాట్లాడకండే."

అందరూ గొంతులు తగ్గించారు. మిగిలిన టీ గుసగుసలతో తాగారు. రొట్టెలు బల్ల మీద పెట్టి, గిన్నెలు కడిగి, మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు. గేటు దగ్గర బురుల్ నా మొహం చూడలేదు. తలగుడ్డ సరిచేసుకుంటూ, "రొట్టె ఎండిపోకముందే తినిపించు బావా" అంది.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. కొచ్‌కోర్‌లో కొత్త కోడి దిగినా తెలుస్తుంది, నువ్వు దిగితే తెలియదా? రెండు రోజుల్లో అందరికీ అర్థమైపోయి ఉంటుంది. ఒక్కరూ నన్ను నిలదీయలేదు. ఒక్కరూ వెక్కిరించలేదు. మరో బుధవారం నేను కథ చదివి లేచేసరికి నా కోటు పక్కన మూట ఉంది. "ఇది అక్కకి" అంది బురుల్, ఇంకేమీ అనలేదు. అప్పటినుంచి ప్రతివారం ఇదే తంతు.

"అక్క లేచిందా బావా?"

"ఇంకా లేదు."

"పడుకోనీలే. దూరం నుంచి వచ్చింది."

సాట్కిన్ తాత సైతం, ఆ తిట్లపోతు, ఆటలో నన్ను ఓడించి, "పో, ఇంటికి పో, ఒక్కతే ఉంటుంది" అంటాడు. ఆయన దయ చూపిస్తే భరించడం కష్టంగా ఉంది, తిడితేనే బాగుండేది.

ఆ మూట ఇంటికి తెస్తాను. నీ వాటా నేనే తింటాను, నిలబడే తింటాను. కూర్చుంటే ఎదురుగా ఖాళీ చోటు కనిపిస్తుంది.

నువ్వు వెళ్ళినప్పటినుంచి ప్రతి ఉత్తరంలోనూ నాకేం లోటు లేదు, నిశ్చింతగా ఉండు అని రాశాను. అదంతా అబద్ధం. మగవాడు బెంగగా ఉందని పెళ్ళానికి రాయకూడదని మా నాన్న నేర్పాడు, ఆయనకి ఆయన నాన్న నేర్పి ఉంటాడు. వాళ్ళెవరి పెళ్ళాలూ మాస్కో వెళ్ళలేదు. నాకు నీ మీద బెంగగా ఉంది సాయ్‌కల్. ఇంట్లో నీ గొంతు లేదు, నీ చివాట్లు లేవు, నేను లోపలికొస్తే ఎవరూ తల తిప్పి చూడరు. పిల్ల చదువు కోసం వెళ్ళావు, చదువు పూర్తవుతోంది. ఇక దాని పెళ్ళి, ఇల్లూ వాకిలీ సంగతి ఇద్దరం ఇక్కడే ఉండి చూద్దాం, డబ్బు చాలకపోతే ఆలుగడ్డలే తిందాం.

సంతకం పెట్టకు.

ఇక్కడ ఒక ఊరు ఊరంతా నీకు నిద్రాభంగం కాకూడదని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఇంకో రెండేళ్ళు నేను వాళ్ళకి "ఇంకా లేవలేదు" అని చెప్పలేను. ఈసారి వాళ్ళు వచ్చి తలుపు కొడితే, నువ్వు లేచి తియ్యి.

ఇట్లు,
మన బేగిమాయ్ వాళ్ళ నాన్న,
జుమాకదిర్.